తొలేళ్ళకి వచ్చిన చుట్టాలు

ఈసారి దసరాకి శని ఆదివారాలు కలిసొచ్చాయి. సోమ, మంగళవారాలు సెలవు పెడితే సిరిమాను కూడా చూసుకుని రావచ్చని ఆఫీసులో అడిగాను. “మీ ఊళ్ళో దసరా అయిపోయాక కూడా దసరానేనా?” అన్నారు. అంతే మరి. విజయనగరం వాళ్ళకి అసలు పండగ దసరా వెళ్ళాకే. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం, దాని ముందురోజు తొలేళ్ళు. ఆ రెండ్రోజులకీ ఇంటికి రాని పిల్లల్ని మా వైపు లెక్కలోంచి తీసేస్తారు.

నాన్న లేకుండా వచ్చిన మొదటి సిరిమాను ఇది. అమ్మ ఒక్కర్తే ఎలా చేస్తుందో అని రైల్లో అంతా టెన్షన్ పడుతూ వచ్చాను. వచ్చేసరికి ఆవిడ మంచాల కింద దులిపించి, పరుపులు ఎండకేయించి, వచ్చేవాళ్ళ లెక్క చూసుకుంటూ కూర్చుంది. “నీకోసం ఆగితే పండగ అవుద్దేటే” అంది.

ఆదివారం పూట అమ్మమ్మగారి ఊరు వెళ్ళాను. గజపతినగరం దాటి లోపలికి తిరిగాక ఒక చెరువు దగ్గర కారులోకి గుప్పున వాసన కొట్టింది. డ్రైవరు కుర్రాడు “ఏటో కుళ్ళిపోయినట్టుంది మేడమ్” అని అద్దాలు ఎత్తేశాడు. నేను దింపించాను. ముక్కు మూసుకోవలసిన వాసనే, కాదనను. కానీ అది గోగు ఊరుతున్న వాసన. ఇంకా ఎవరో ఒకరు వేస్తున్నారన్నమాట.

*

గోగు అంటే ఇప్పటి పిల్లలకి తెలియదు కాబట్టి రెండు ముక్కలు చెప్పాలి. గోంగూరకి దగ్గర చుట్టం. మనిషి కంటే ఎత్తు పెరుగుతుంది. తొలకరికి చల్లితే వినాయక చవితి దాటాక పూతకొస్తుంది. అప్పుడు కోసి, కట్టలు కట్టి, ఆకు రాలేదాకా చేలోనే నిలబెట్టి, తర్వాత చెరువులో ముంచి పైన బరువు పెడతారు. రెండు మూడు వారాలకి బెరడు మెత్తబడి నార ఊడివస్తుంది. వెనకటికి భీమిలి రేవు నుంచి ఓడలెక్కేది కాబట్టి ఈ నారకి పై దేశాల్లో ‘బిమిలి జూట్’ అని పేరు కూడా ఉండేది. మావయ్యకి ఆ సంగతి తెలియదు. ఆయనకి తెలిసిందల్లా దసరా వచ్చేసరికి చెరువులో దిగాలన్నదే.

నడుం లోతు నీళ్ళలో నిలబడేవాడు. నాలుగైదు కాడలు గుప్పిట పట్టి, మొదళ్ళ మీద చిన్న కర్రసుత్తితో రెండు దెబ్బలు వేసేవాడు. మొదళ్ళ దగ్గర నార వదులయ్యేది. కాడల్ని మధ్యకి ఫట్టున విరిచి, నారని చేతికి చుట్టుకుని నీళ్ళ మీద ముందుకీ వెనక్కీ విదిలిస్తే తెల్లటి పుల్లలు జారిపోయి తేలేవి. చేతిలో నార మిగిలేది, తడిసిన జడలాగా. దాన్ని రెండు మూడుసార్లు జాడించి గట్టు మీదకి విసిరేవాడు. గట్టు మీద అత్త పట్టుకునేది. అక్కణ్ణుంచి దండేల మీదకీ, కల్వర్టు గోడల మీదకీ, ఆఖరికి బస్సు రోడ్డు పక్కన కంచెల మీదకీ వెళ్ళేది. ఊరంతా బంగారపు రంగు జుట్టు ఆరబెట్టుకున్నట్టుండేది.

ఆ నెలంతా మావయ్య చేతులు తెల్లగా నానిపోయి, చర్మం పగిలి ఉండేవి. కూరలో కారం తగిలితే వేళ్ళ సందుల్లో మంట. అందుకని చెంచా అడిగేవాడు. చెంచాతో అన్నం తినే మనిషి ఆ ఊరంతటికీ ఆయనొక్కడే. అదీ ఆ నెలొక్కటే.

గోగు పుల్లలు మాకు. బళ్ళు కట్టాం, కత్తులు చేశాం, పందిళ్ళు వేశాం. అంతకంటే తేలికైన కర్ర నేను మళ్ళీ చూడలేదు. మిగిలినవి పొయ్యిలోకి. మంట పుట్టించడానికి భలే ఉండేవి, ఫెళఫెళమని అంటుకుని అంతే తొందరగా ఆరిపోయేవి. అత్త విసుక్కునేది, “దీని మంట నమ్ముకుంటే అన్నం పలుకే” అని.

*

మావయ్య చెరువులో ముంచింది నాన్న మిల్లులో సంచి అయ్యేది. నాన్నది జూట్ మిల్లు, స్పిన్నింగ్ సెక్షన్. మేం విజయనగరంలో అయ్యకోనేరు దగ్గర ఒక వాటాలో ఉండేవాళ్ళం. ముందు గది, వంటిల్లు, వెనక నలుగురికీ కలిపి ఒక నుయ్యి. నాన్న సైకిలు మీద వెళ్ళేవాడు. పొద్దున్న ఆరు గంటల షిఫ్టయితే ఇంకా చీకటుండగానే సందు చివర బెల్లు రెండుసార్లు మోగేది. అది నాన్న స్నేహితుడు. నాన్న ఒకసారి తిరిగి మోగించేవాడు, వస్తున్నానని. పేరు పెట్టి పిలుచుకోవడం నేను వినలేదు. ఆయన్ని మేం గంట మావయ్య అనేవాళ్ళం. సైకిళ్ళు కలుసుకుంటూ పెద్దరోడ్డు ఎక్కేసరికి ఒక గుంపయ్యేది. వాళ్ళు వెళ్ళిపోయాక వీధిలో పాలవాడి క్యాను చప్పుడు, ఆ తర్వాత మా అమ్మ పేడనీళ్ళ కళ్ళాపి.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి నాన్న కనురెప్పల మీద నార ధూళి ఉండేది. నారని మెత్తబరచడానికి నూనె కలిపిన నీళ్ళు చల్లుతారట, ఆ నూనె వాసన చొక్కాకి పట్టేసి ఎన్ని ఉతుకులకీ పోయేది కాదు. నుయ్యి దగ్గర నిలబడి తల మీంచి నాలుగు చేదలు పోసుకున్నాకే మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవాడు.

దసరాకి మిల్లులో బోనసు ఇచ్చేవారు. ఆయుధపూజ నాడు పిల్లల్ని లోపలికి తీసుకెళ్ళనిచ్చేవారు. మామూలు రోజుల్లో చెవులు గింగుర్లెత్తే మిషన్లు ఆ రోజు పసుపూ కుంకుమా పెట్టించుకుని, మెడలో బంతిపూల దండలతో, పెళ్ళిపీటల మీద పెళ్ళికూతుళ్ళంత నెమ్మదిగా ఉండేవి. బూంది పొట్లాలు పంచేవారు. మా చెల్లి తనది తినేసి నాది అడిగేది.

బోనసు డబ్బుతో గంటస్తంభం దగ్గర కొట్లలో బట్టలు కొనేవాళ్ళు. అవి కట్టుకునేది దసరాకి కాదు, సిరిమానుకి.

*

ఒక ఏడాది వినాయక చవితి ముందు మిల్లు గేటుకి నోటీసు అంటించారు. లాకౌట్. ఆ మాట మా వీధిలో పిల్లలందరికీ వచ్చేసింది. దాగుడుమూతలాడుతూ ఎవడికైనా ఒళ్ళు మండితే “లాకౌట్!” అని అరిచి ఆట ఆపేసేవాడు.

ఎందుకు మూశారో, ఎవరిది తప్పో అప్పుడు నాకు తెలియదు. ఇప్పుడు తెలిసింది కూడా ఇక్కడ రాయను, అది వేరే గొడవ. బస్తాల పనికి ప్లాస్టిక్ సంచి వచ్చి కూర్చున్న రోజులవి. తిండిగింజలకీ పంచదారకీ జనపనార సంచే వాడాలని 1987లో చట్టం చేశారు. చట్టం వచ్చిందంటేనే అర్థం చేసుకోవచ్చు, అప్పటికి ఆ సంచుల పరిస్థితి ఎలా ఉందో.

నాన్న మాత్రం రోజూ అదే వేళకి లేచేవాడు. బెల్లు రెండుసార్లు మోగేది, నాన్న ఒకసారి మోగించేవాడు. ఇద్దరూ వెళ్ళి గేటు ముందు ఎర్రజెండాల టెంటు కింద కూర్చుని మధ్యాహ్నం వచ్చేసేవారు. చొక్కాకి నూనె వాసన పోవడం మొదలైంది. అమ్మకి అదే బెంగ.

నెల తిరిగేసరికి ఇంట్లో చిన్న చిన్న మార్పులు. పొద్దున్న ఇడ్లీ మానేసి చోడి అంబలి. “ఒంటికి చలవ” అని అమ్మ చెప్పేది. కిరాణా కొట్టు శెట్టిగారి దగ్గరికి నన్ను పంపేవారు, పెద్దవాళ్ళు వెళ్ళేవారు కాదు. నా చేతిలో ఉన్న నోటు ఇస్తే ఆయన తీసుకోకుండా, “చిల్లర లేదమ్మా, పద్దులో రాసుకుంటాలే, మీ నాన్నని తర్వాత ఇమ్మను” అనేవాడు. ఆయన గల్లాపెట్టెలో చిల్లర గలగలమంటూ ఉండేది. నేను అది చెబితే అమ్మ ఏమీ అనకుండా నోటు తీసి మళ్ళీ పోపుల డబ్బాలో పెట్టేసేది.

దసరా దగ్గరపడింది. “ఈ ఏడు ఎవరినీ పిలవొద్దు” అంది అమ్మ. నాన్న నవ్వాడు. “సిరిమానుకి ఎవరైనా పిలిస్తే వస్తారేటి?”

నిజమే. పిలుపులుండవు. శ్రీకాకుళం నుంచి, పార్వతీపురం నుంచి, ఒరిస్సా నుంచి రైళ్ళ నిండా, బస్సుల టాపుల మీదా జనం దిగిపోతారు. ఊళ్ళో ఇల్లున్న ప్రతివాడూ ఆ రెండ్రోజులకీ సత్రం యజమానే. అమ్మ సోమవారం పొద్దున్నే వాకిట్లో ముగ్గు వేసి, వీధి వైపు చూడకుండా లోపలికెళ్ళిపోయింది. వాళ్ళు రాకూడదనీ ఉంది, వస్తే బాగుండుననీ ఉంది ఆవిడకి. అది నేనిప్పుడు ఊహించి రాస్తున్నదేం కాదు, తర్వాతెప్పుడో ఆవిడే చెప్పింది.

*

ముందు మావయ్య దిగాడు. భుజం మీద బియ్యం బస్తా, మూతికి గోగునార తాడు. గుమ్మంలో దించి, తలపాగా విప్పి మొహం తుడుచుకుంటూ అమ్మ మీద విరుచుకుపడ్డాడు, తప్పంతా ఆవిడదే అన్నట్టు.

“గాదె విప్పితే పురుగట్టేసింది. కొత్త పంటొచ్చేదాకా ఉంచితే పిండైపోద్ది. పారబోయలేక పట్టుకొచ్చీసినాను. మీరైనా తినీయండి.”

అమ్మ చేటలో పోసి చూసింది. నేను పక్కనే కూర్చున్నాను. పాత బియ్యం, ముత్యాల్లా ఉన్నాయి. పురుగు కోసం చెల్లీ నేనూ పందెం వేసుకుని వెతికాం. ఒక్కటంటే ఒక్కటీ దొరకలేదు. “మావయ్యా, పురుగేదీ?” అని చెల్లి అరిస్తే, “దారిలో దిగిపోనాయేమో, టిక్కెట్టు లేదు కదా” అన్నాడు.

తర్వాత పొందూరత్త. నాన్నకి పెద్దప్ప. ఆవిడ ఇంట్లోనే రాట్నం మీద నూలు వడికేది. పత్తి ఏకడానికి వాలుగ చేప దవడ ఎముక వాడతారు అక్కడ, సన్నటి పళ్ళ వరస ఉంటుంది దానికి. చిన్నప్పుడు నేను దువ్వెన అనుకుని తలకి పెట్టుకుంటే ఆవిడ నెత్తి మీద మొట్టింది. ఆ అత్త సంచిలోంచి ఖద్దరు పంచె తీసి నాన్న ఒళ్ళో పడేసింది. మడత విప్పితే జారిపోతోంది, అంత సన్నం. మంచి పంచె ఖరీదెంతో ఆ నూలు వడికే మనిషికి తెలియదా, కొనే తాహతు ఆవిడకి లేదు.

“ఎందుకప్పా ఇది?” అన్నాడు నాన్న.

“డాగుందిరా. డాగుందని తక్కువకిచ్చేసినారు. మీ బావకి డాగు బట్ట కడితే నలుగురూ నవ్వుతారు. నువ్వైతే ఎవడు సూస్తాడు?”

నాన్న పంచెని ఆ చివరి నుంచి ఈ చివరిదాకా చూసి, ఏమీ మాట్లాడకుండా మడిచి పెట్టెలో పెట్టాడు.

సాయంత్రం దీపాల వేళకి బెల్లు రెండుసార్లు మోగింది. గంట మావయ్య. మిల్లు మూసిన నెలలోనే ఆయన విశాఖపట్నం వెళ్ళి రేవులో హమాలీ పనిలో చేరాడు, తొలేళ్ళకని వచ్చాడు. భుజాలు కమిలిపోయి ఉన్నాయి. కాగితంలో చుట్టిన గౌను నా చేతిలో పెట్టి, “మా గుంటకి పొట్టయిపోనాది, నీకు సరిపోద్దేమో సూడు” అన్నాడు. ఆకుపచ్చ గౌను, మెడ దగ్గర లేసు. గంజి ఇంకా కరకరలాడుతోంది. చంక కింద దారంతో కుట్టిన చిన్న అట్టముక్క వేలాడుతోంది, దాని మీద పెన్సిలుతో రేటు. అమ్మ కత్తిపీట తెచ్చే నెపంతో వంటింట్లోకి లాక్కెళ్ళి, ఆ అట్టముక్క తెంపి పొయ్యిలో పడేసింది. అది అంటుకునేదాకా అక్కడే నిలబడింది. బయటికొచ్చి, “పాతదైనా బాగానే ఉందన్నయ్యా” అంది.

ఇవన్నీ సాకులని నాకప్పుడు తెలియదు. నాన్నకి తెలుసు. ఆయనకి తెలుసని వాళ్ళకీ తెలుసు. ఎవరూ బయటపడలేదు. సాయం తీసుకున్నట్టు ఒక్క మాట లేకుండా, ఇచ్చినట్టు ఒక్క చూపు లేకుండా ఆ రాత్రి మా ఇంట్లో పద్దెనిమిది మంది అన్నం తిన్నారు. పురుగు పట్టిన బియ్యమే. కోడికూర ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు, దానికీ ఏదో సాకు ఉండే ఉంటుంది.

*

తొలేళ్ళ రాత్రి నిద్ర ఉండదు. పసుపు రాసి వేపాకులు కట్టిన ఘటాలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళు గుడికెళుతుంటారు. డప్పులు, తప్పెటగుళ్ళు, సందు సందునా ఒక వేషం. రైతులకి ఆ రాత్రి అమ్మవారి దగ్గర విత్తనాలు పంచుతారు, తమ విత్తనాల్లో కలుపుకుంటే పంట బాగుంటుందని నమ్మకం. మావయ్య ప్రతి ఏడూ వెళ్ళి గుప్పెడు తెచ్చుకుని పంచె చెంగున ముడివేసుకునేవాడు. పడుకున్నా ఆ ముడి మీద చెయ్యి వేసుకునే పడుకునేవాడు. పిల్లలం చాప మీద అడ్డదిడ్డంగా పడి ఉండేవాళ్ళం. పొందూరత్త అడ్డపొగ చుట్ట కాలుస్తూ గుమ్మంలో కూర్చునేది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని మాట్లాడే విద్య ఆవిడ దగ్గర చూడాలి.

అదే రాత్రి మేడింటి మావయ్య వచ్చాడు. నాన్నకి చిన్నప్పటి బడి స్నేహితుడు. మూడు లాంతర్ల కూడలి నుంచి కోటకి వెళ్ళే దారిలో వాళ్ళకి పాత మేడ ఉండేది. సిరిమాను సరిగ్గా దాని ముందు నుంచే వెళుతుంది. ప్రతి ఏడూ ఆ డాబా మీద మాకు చోటు. ఆ ఏడు నాన్న వెళ్ళనన్నాడు. వెళితే చేతిలో పళ్ళో స్వీటో ఉండాలి కదా.

మేడింటి మావయ్య లోపలికి కూడా రాలేదు. వీధిలోంచే చెప్పాడు. “ఒరే, రేపు డాబా మీద జనం ఎక్కువైపోతారు. పిట్టగోడ పాతది, వానకి నానిపోయింది. ఎవడైనా ఆనుకుంటే పోతాడు. పిల్లల్ని కాసుకోడానికి నమ్మకమైన మనిషి కావాలి. నువ్వు పొద్దున్నే వచ్చీ. భోజనాలకి కూడా అక్కడే, గోడ వదిలి వెళ్ళకూడదు.”

అలా మర్నాడు నాన్న పిట్టగోడకి కాపలా. ఆ గోడ ఆ తర్వాత పాతికేళ్ళు నిలబడింది. కూలగొట్టినప్పుడు కూలీలు తిట్టుకున్నారట, ఎంత గట్టిగా కట్టారురా అని.

డాబా మీద నాయనమ్మ కథ చెప్పేది. చరిత్ర పుస్తకాల్లో బొబ్బిలి యుద్ధం 1757 జనవరిలో జరిగిందని ఉంటుంది, ఫ్రెంచి దళం ఉంటుంది, తాండ్ర పాపారాయుడు విజయనగరం రాజు విజయరామరాజుని గుడారంలో పొడిచి చంపడం ఉంటుంది. నాయనమ్మ కథలో అవేవీ లేవు. ఆ రాజుకి ఒక చెల్లెలు ఉంది, పైడితల్లి. అన్నకి కీడు జరగబోతోందని ముందే తెలిసి, ఒంట్లో బాగులేకపోయినా లేచి బయలుదేరింది. దారిలోనే అన్న పోయాడన్న మాట వింది. కుప్పకూలింది. పెద్దచెరువులో నా బొమ్మ దొరుకుతుంది, తీసి నిలబెట్టండి అంది. “బెస్తోళ్ళు వలేసి తీసినారు. అందుకే సిరిమాను ముందర వల నడవాలి” అని నాయనమ్మ ముగించేది. ఆవిడ చెప్పినన్నాళ్ళూ నాకు అది దేవత కథలా అనిపించలేదు, పక్క వీధిలో ఎవరింట్లోనో జరిగిందనిపించేది.

మధ్యాహ్నం దాటాక కదలిక మొదలయ్యేది. వల వచ్చింది, తెల్ల ఏనుగు వచ్చింది, పాలధార, అంజలి రథం. వాటి వెనక సిరిమాను. నిలువెత్తు చింతమాను, యాభై అరవై అడుగులు ఉంటుంది, బండి మీద ఏటవాలుగా నిలబెట్టి. ఆకాశంలో ఉన్న ఆ కొసన చిన్న పీట మీద పూజారి. ఎక్కడి మాను కావాలో అమ్మవారు ఆయనకి కల్లో చెబుతుందంటారు. మాను మా డాబా ఎత్తుకి వచ్చి దాటిపోతుంటే పూజారి మొహం ఎదురుగా కనిపించేది. కింద నుంచి జనం అరటిపళ్ళు విసిరేవారు. గుడి నుంచి కోటకి, కోట నుంచి గుడికి మూడుసార్లు తిరుగుతుంది కాబట్టి మొదటిసారి దణ్ణం పెట్టడం మర్చిపోయినా ఫరవాలేదు.

ఆ ఏడు మా పిన్నికొడుకు విసిరిన అరటిపండు మాను దాకా వెళ్ళలేదు. కింద బందోబస్తులో ఉన్న కానిస్టేబుల్ టోపీ మీద పడింది. ఆయన పైకి చూశాడు. డాబా మీద అందరూ ఒక్కసారే కిందికి వంగి మాయమైపోయారు. పిట్టగోడకి కాపలా ఉన్న నాన్న ఒక్కడే నిలబడి మిగిలిపోయాడు. కానిస్టేబుల్ నాన్నని చూసి, పండు ఒలుచుకుని తినేశాడు. మిల్లు మూసిన తర్వాత నాన్న కడుపారా నవ్వగా చూడ్డం నాకదే మొదలు. మేడింటి అత్త పులిహోర గిన్నె పట్టుకుని నవ్వలేక మెట్ల మీద కూలబడిపోయింది.

*

మిల్లు మరుసటి ఏడాది ఎండల్లో తెరిచారు. చొక్కాకి మళ్ళీ నూనె వాసన. గంట మావయ్య విశాఖ నుంచి తిరిగొచ్చేశాడు. శెట్టిగారి పద్దు తీరడానికి చాలా కాలమే పట్టింది.

ఆ దసరా నుంచి నాన్న ఒక కొత్త అలవాటు చేసుకున్నాడు. వారం సెలవొస్తే చాలు, పొద్దున్నే బస్సెక్కి మావయ్య ఊరెళ్ళి, పంచె పైకి కట్టి, చెరువులో దిగి గోగునార తీసేవాడు. మావయ్య గోల పెట్టేవాడు, “బావా, నువ్వేటి, ఈ పనేటి” అని. నాన్న సుత్తి వదిలేవాడు కాదు. “నడుం నొప్పికి నీళ్ళలో నిలబడితే మంచిదని డాక్టరు చెప్పాడు” అనేవాడు. మిల్లు డాక్టరు ఎవరికైనా తెల్లమాత్ర తప్ప ఇంకేదీ చెప్పగా మా వీధిలో ఎవరూ వినలేదు. గంట మావయ్య కూతురి పెళ్ళికి మా అమ్మ గాజులు జత వెళ్ళాయి, “నాకు బిగుతైపోయాయి” అని. ఆవిడ చెయ్యి అప్పటికింకా పుల్లలా ఉండేది.

ఎవరు ఎవరికి ఎంత బాకీయో లెక్క తేలకుండా అలా చాలా ఏళ్ళు నడిచింది. తేల్చాలని ఎవరికీ లేదు కూడా. ఇప్పుడు నా స్నేహితులు పుట్టినరోజుకి ఇచ్చిన కానుక రేటు చూసుకుని తిరిగి ఇస్తుంటారు, నేనూ ఇస్తాను. హాయిగానే ఉంటుంది, బాకీ ఉండదు. కానీ అలాంటి వాళ్ళింటికి పిలవకుండా వెళ్ళి మంచం వాల్చుకుని పడుకోగలనా అంటే పడుకోలేను.

మావయ్య పోయి చాలాకాలమైంది. వాళ్ళ చేలో ఇప్పుడు మొక్కజొన్న. గోగుకి మనుషులు దొరకరు, చెరువులో దిగేవాళ్ళు లేరు, రేటూ లేదు అని అత్త చెప్పింది. నేను వెళ్ళిన ఆదివారం ఆవిడ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. దారిలో వాసన సంగతి చెబితే “ఎవరిదో పిచ్చి” అంది. కాసేపాగి, “ఏ చెరువు?” అని అడిగింది. చెప్పాను. “ఆ నీళ్ళు మంచివి. నార తెల్లగా వస్తది” అంది.

మేడింటి స్థానంలో ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపు, పైన కోచింగ్ సెంటరు. మంగళవారం మేం అక్కడికి కాస్త దూరంలో రోడ్డు మీదే నిలబడి చూశాం. డీజే శబ్దానికి గుండె అదిరింది, అది నాకు నచ్చలేదు, చెబితే మా అబ్బాయి నన్ను ముసలిదానివన్నాడు. వాడు మొదటిసారి సిరిమాను చూడటం. మాను దగ్గరికొచ్చేసరికి ఫోను జేబులో పెట్టేసి నోరు తెరుచుకుని చూశాడు. గంట మావయ్య కొడుకు మాకోసం ఎవరో తెలిసినవాళ్ళతో మాట్లాడి నీడలో చోటు పెట్టించాడు. అమ్మకి కుర్చీ తెచ్చాడు. “మా స్నేహితుడి కుర్చీ, వాడెలాగూ కూర్చోడంట అప్పా” అన్నాడు. అమ్మ నా వైపు చూసింది. నేను అమ్మ వైపు చూశాను.

*

సోమవారం రాత్రి ఇంట్లో ఎంతమందో చెప్పడం కష్టం. ఫ్లాటు హాల్లో ఈ చివరి నుంచి ఆ చివరికి పక్కలు. పొందూరత్త కూడా వచ్చింది. ఎనభై దాటాయి, చెవులు సరిగ్గా వినపడవు, చుట్ట మానేసింది. మనవడు కార్లో తెచ్చి దింపాడు. రాగానే నాన్న ఫోటో ముందు నిలబడి, “నన్ను సూడకుండానే ఎల్లిపోనావు కదరా” అని కోప్పడింది. కళ్ళు తుడుచుకుని అమ్మని కాఫీ అడిగింది.

భోజనాలయ్యాక అమ్మ బీరువా తీసి ఆ ఖద్దరు పంచె తెచ్చింది. నాన్న పెళ్ళిళ్ళకీ, సిరిమానుకీ తప్ప కట్టేవాడు కాదు. అంచు కాస్త రంగు మారింది, మిగతాదంతా అలాగే ఉంది. మా అబ్బాయికి ఇవ్వాలని అమ్మ ఉద్దేశం. నేను దాన్ని అత్త ఒళ్ళో పరిచాను.

“అత్తా, దీనికి డాగుందన్నావు కదా. ఏదీ, చూపించు.”

ఆవిడకి వినపడలేదనుకుని మళ్ళీ గట్టిగా అడిగాను. హాలంతా నిశ్శబ్దమైపోయింది, పిల్లలు కూడా లేచి కూర్చున్నారు. అత్త కళ్ళజోడు తెప్పించుకుంది. పంచె ఒక కొస పట్టుకుని దీపం వైపు ఎత్తి చూసింది. తిరగేసింది. వేలితో నూలు రాసి చూసి, ఈ నూలు తనదే అన్నట్టు తలాడించింది. రెండో కొస దాకా వెళ్ళి, మడిచి, మా అబ్బాయి చేతిలో పెట్టింది.

“ఇన్ని ఉతుకులయ్యాక డాగుంటాదేటే? పోయుంటాది” అంది.